బతుకు మలుపు తిరిగిన రోజు

సోనాపూర్ క్యాంపులో ఆదివారం సాయంత్రం అంటే అందరికీ తెలిసిందే. బట్టలు ఉతికి తాళ్ళ మీద ఆరేసుకోవడం, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవడం, ఇంటికి వీడియో కాల్ చేసుకోవడం. అలాంటి ఒక ఆదివారం మా రూముకి ఒక మేస్త్రి అన్న వచ్చాడు. నిజామాబాద్ దిక్కు మనిషి. వయసు యాభైకి దగ్గర. చేతిలో పాత డైరీ, చెవి వెనక పెన్సిలు.

"తమ్మీ, నేను కంపెనీ ఇడిచిపెట్టి పోతనంటే ఎంతిస్తరు? జర లెక్క కట్టి చెప్పు" అన్నాడు.

మేమిద్దరం ఆఫీసులో టైమ్‌షీట్లు, వీసా కాగితాలు చూసే గుమాస్తాలం. ఈ లెక్క అడిగేవాళ్ళు నెలకు నలుగురైనా వస్తారు. సర్వీసు 19 ఏళ్ళు. చివరి బేసిక్ 1,200 దిర్హాములు. అంటే రోజుకి 40. మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున 4,200. ఆ తర్వాతి పద్నాలుగేళ్ళకు ఏడాదికి 30 రోజుల చొప్పున 16,800. మొత్తం 21,000 దిర్హాములు. ఓవర్‌టైం, తిండి డబ్బులు ఇందులోకి రావు. వాడుకోని సెలవుల డబ్బు, ఇంటికి టికెట్టు వేరు. పాత చట్టంలో అయిదేళ్ళు నిండకుండా తనంతట తాను మానేస్తే కోత పడేది. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ కోత లేదు. మానేసిన 14 రోజుల్లోగా డబ్బు చేతికి రావాలి.

అన్న కాగితం వంక చాలాసేపు చూశాడు. మన రూపాయల్లో సుమారు అయిదు లక్షలు.

"పందొమ్మిదేండ్లకు గింతేనా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఇసుక ట్రిప్పుల లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు.

ఇప్పుడు ఎందుకు పోవాలనిపించింది అని అడిగాం. టీ తాగుతూ మెల్లగా చెప్పాడు. చిన్న బిడ్డ ఇంటర్ చదువుతోంది. కబడ్డీ ఆడుతుంది. జిల్లా జట్టుకు ఎంపికైందట. ఆడపిల్లను ఊళ్ళు తిప్పడం తల్లికి ఇష్టం లేదు. "నాయినను ఇంటికి రమ్మను, ఆయన తోలుకపోతే పో, నేనైతే పంపియ్య" అని తేల్చి చెప్పిందట. అంటే బిడ్డ ఆట ఆగడం, ఆగకపోవడం అన్నది ఇక్కడ దుబాయ్‌లో గోడలు కట్టుకుంటున్న మనిషి మీద పడింది.

"తమ్మీ, మన నిజామాబాద్ బాక్సింగ్ పిల్ల లేదా, నిఖత్. గామె నాయిన గూడ సౌదీల ఉండె గదా. ఇడిచిపెట్టి అచ్చిండంట. గాయనకు గంత ధైర్యం ఎట్ల అచ్చింది?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. కానీ అది మా బుర్రలోంచి పోలేదు. రెండు మూడు వారాల పాటు కనిపించిన వాళ్ళందరినీ అడుగుతూ వచ్చాం. 'మీ బతుకు ఎక్కడ మలుపు తిరిగింది?' అని. వాళ్ళు చెప్పిందే ఈ వ్యాసం. పేర్లు వేయవద్దని అందరూ అన్నారు కాబట్టి వేయలేదు.

సౌదీ నుంచి వచ్చేసిన తండ్రి

ముందు ఆ మేస్త్రి అన్న అడిగిన సంగతే చెప్పుకుందాం.

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ సౌదీ అరేబియాలో సేల్స్ పని చేసేవారు. ఒకటి కాదు రెండు కాదు, పదిహేనేళ్ళు. ఆయన కుర్రతనంలో ఫుట్‌బాల్, క్రికెట్ ఆడిన మనిషి. పిల్లల చదువు, ఆటలు దగ్గరుండి చూసుకోవాలని ఆ ఉద్యోగం వదిలి నిజామాబాద్ వచ్చేశారు.

గల్ఫ్‌లో పదిహేనేళ్ళంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు. అప్పటికి ఇంటి ఖర్చంతా ఆ జీతానికి అలవాటు పడి ఉంటుంది. ఊళ్ళో 'సౌదీ ఆయన' అన్న పేరు స్థిరపడి ఉంటుంది. తిరిగి వెళ్తే ఏం చేస్తావు అని చుట్టాలు నలుగురూ నాలుగు రకాలుగా అడుగుతారు. ఆయన వచ్చేనాటికి పిల్ల బాక్సర్ అవుతుందని గానీ, ప్రపంచ పతకం తెస్తుందని గానీ ఎవరికీ తెలియదు. మన మేస్త్రి అన్న అడిగిన ధైర్యం అదే. ఫలితం చూసి వచ్చిన ధైర్యం కాదది.

నిఖత్ మొదట పరుగు పందేల పిల్ల. నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండ్‌లో తండ్రే దగ్గరుండి పరిగెత్తించేవారు. అక్కడ అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనిపించారు, ఒక్క బాక్సింగ్‌లో తప్ప. ఇది మగపిల్లల ఆటేనా అని తండ్రిని అడిగింది. అదీ ఆ పిల్ల మలుపు. తండ్రి వద్దనలేదు. ఊళ్ళోనే ఉన్న కోచ్ షంసముద్దీన్ దగ్గర చేర్చారు. తోటి ఆడపిల్లలు లేరు కాబట్టి మగపిల్లలతోనే సాధన. మొదట్లో ఒకరోజు కన్ను కమిలి, ముఖం వాచి ఇంటికి వస్తే తల్లి ఏడ్చిందట, రేపు నిన్నెవరు చేసుకుంటారని. పేరు వస్తే పెళ్ళికొడుకులు వాళ్ళే వరుస కడతారని పిల్ల జవాబు. నిక్కరు వేసుకుని ఆడే ఆట కాబట్టి అయినవాళ్ళూ తప్పు పట్టారు. అలా అన్నవాళ్ళే తర్వాత ఫోటోలు దిగడానికి వచ్చారని ఆ ఇంటివాళ్ళు పత్రికలకు చెప్పారు.

2009లో విశాఖపట్నం స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రంలో చేరింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. ఇక్కడితో కథ ముగిస్తే సినిమాలా ఉంటుంది. కానీ 2017లో భుజం జారిపోయింది. ఆపరేషన్ అయింది. ఆ ఏడాదంతా రింగ్ బయటే. 2018 కామన్వెల్త్, ఆసియా క్రీడలు రెండూ పోయాయి. 2019 డిసెంబర్‌లో మేరీ కోమ్‌తో ట్రయల్ బౌట్ కావాలని పట్టుబట్టి అడిగింది, తీరా ఆడి 9-1 తేడాతో ఓడిపోయింది. చాలామంది అక్కడితో ఈమె పని అయిపోయిందనుకున్నారు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. మన దేశం నుంచి ఆ ఘనత సాధించిన అయిదో మహిళ. ఆ రాత్రి మా క్యాంపులో నిజామాబాద్ కుర్రాళ్ళు మెస్సు ముందు లడ్డూలు పంచారు. హిందువు, ముస్లిం అని లేకుండా అందరూ 'మన జిల్లా పిల్ల' అనుకున్నారు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం. 2023లో ఢిల్లీలో మళ్ళీ ప్రపంచ టైటిల్, ఈసారి 50 కిలోల్లో. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం రెండో బౌట్‌లోనే చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడిపోయింది. చివరికి ఆ వూ యూ బంగారు పతకమే గెలిచింది. అదే సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలోనే పాకాల అనే చిన్న ఊరుంది. అక్కడి మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. ఆ పిల్ల ఇంట్లో పెరగలేదు, సాంఘిక సంక్షేమ గురుకులం హాస్టల్లో చదివింది. బడివాళ్ళు భువనగిరి గుట్ట ఎక్కించడానికి తీసుకెళ్ళడం ఆమెకు మలుపు. 2022లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తి చేసింది. ఈ సంగతి ఎందుకంటే, తండ్రి పక్కన ఉంటేనే పిల్లలు పైకి వస్తారని నిఖత్ కథ చదివి ఎవరూ తమను తాము తిట్టుకోకూడదని. ఒక ఇంట్లో తండ్రి వచ్చి నిలబడ్డాడు. ఇంకో ఇంట్లో అమ్మానాన్న దూరం పంపడానికి ఒప్పుకున్నారు. రెండూ కష్టమే.

లోడ్ చార్టు నేర్పిన యార్డు

ఇక మన క్యాంపు సంగతులు. మా సైటులో టవర్ క్రేన్ నడిపే ఒక ఆపరేటర్ ఉన్నాడు. శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం దగ్గర ఊరు. ఏడో తరగతి చదివాడు. ఆయన్ని పట్టుకోవడమే కష్టం. పొద్దున్నే పైకి ఎక్కితే భోజనానికి కూడా దిగడు, టిఫిన్ క్యారియర్ వెంట పట్టుకుపోతాడు.

"ఏటి చెప్పమంటావు బాబూ, నేను 2007లో హెల్పర్‌గా వచ్చినోణ్ణి" అని మొదలుపెట్టాడు.

2009లో దుబాయ్‌లో పనులు ఆగిపోయిన రోజులు పాతవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. కట్టిన బిల్డింగులు కట్టినట్టే నిలిచిపోయాయి. ఈయన కంపెనీ చాలామందిని ఇంటికి పంపింది. ఈయన్ని మాత్రం యార్డులో నిలిపి ఉంచిన క్రేన్లకు కాపలా పెట్టింది. జీతం తక్కువ, పని లేదు. తోటివాళ్ళంతా వెళ్ళిపోతుంటే తనను ఇక్కడ వదిలేశారని ఏడుపు వచ్చేదట.

ఆ యార్డులోనే ఒక మలయాళీ పెద్దాయన ఉండేవాడు, పాత ఆపరేటరు. ఆయనకూ పని లేదు. పొద్దుపోక ఈయనకు లోడ్ చార్టు చదవడం నేర్పాడు. కొక్కెం క్రేను స్తంభానికి దగ్గరగా ఉంటే ఎంత బరువు ఎత్తవచ్చు, జిబ్బు చివరికి పోయేకొద్దీ ఎంత తగ్గించాలి అన్నది ఆ చార్టులో ఉంటుంది. దగ్గర ఎత్తిన బరువు దూరాన ఎత్తబోతే క్రేనే పడిపోతుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు కదా, అంకెలతోనే నేర్చుకోమన్నాడట. యార్డు నేల మీద సున్నంతో గీతలు గీసి, ఇక్కడైతే ఇన్ని టన్నులు, అక్కడైతే ఇన్ని అని నడిపించి మరీ చెప్పేవాడు. రిగ్గర్ చేతి సంజ్ఞలు కూడా అలాగే నేర్పాడు.

మళ్ళీ పనులు మొదలయ్యాక థర్డ్ పార్టీ పరీక్షకు పంపమని ఫోర్‌మన్‌ను అడిగాడు. నవ్వారట. రెండేళ్ళు అడుగుతూనే ఉన్నాడు. మొదటిసారి ఫెయిల్. ప్రశ్నలు అర్థం కాలేదు. రెండోసారి పాసయ్యాడు.

మరి మీ మలుపు ఏది, పరీక్ష పాసైన రోజా అని అడిగాం. కాసేపు ఆలోచించాడు.

"కాదు బాబూ. అందరినీ ఇంటికి పంపేసి నన్ను ఒగ్గీసిన రోజే. ఆ రోజు నాకంటే దరిద్రుడు లేడనుకున్నాను."

ఆ మలయాళీ పెద్దాయన ఎక్కడున్నాడో ఇప్పుడు తెలియదు. ఫోన్ నంబరు మారిపోయింది. పోయిన ఏడాది సెలవులో కేరళ వెళ్ళి వెతుకుదామనుకున్నాడట, ఊరి పేరు సరిగ్గా గుర్తులేక మానుకున్నాడు.

రెండు లైన్ల మధ్య

ఇంకొకాయన జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాడు. ఇప్పుడు ఒక కంపెనీలో ఏసీ టెక్నీషియన్. ఆయనతో మాట్లాడటానికి మేం మూడుసార్లు వెళ్ళాం. రెండుసార్లు ఏం లేదన్నా అని పంపేశాడు. మూడోసారి తనే తలుపు వేసి కూర్చున్నాడు.

ఏజెంటు మాట నమ్మి 2014లో వచ్చాడు. రెండేళ్ళకు కంపెనీ మూడు నెలల జీతం ఆపింది. అడిగితే రేపు మాపు అన్నారు. ఒక రాత్రి బ్యాగు సర్దుకుని బయటపడ్డాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఖల్లివెల్లి బతుకే. పొద్దున అడ్డా మీద నిలబడటం, ఎవరు పిలిస్తే వారి వెంట పోవడం. ఒకే రూములో పద్నాలుగు మంది. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకోవడం. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవాలన్నా భయమే.

"2017ల మా అమ్మ సచ్చిపోయింది. ఫోన్ల చూసిన. తమ్ముడు ఫోన్ పట్టుకున్నడు, కాష్టం కనబడ్డది. నేను పెద్దకొడుకును. తలకొరివి తమ్ముడు పెట్టిండు. గప్పుడు గూడ నేను ఏడ్వలే, రూముల అందరు పండుకున్నరని."

2018 ఆగస్టులో యూఏఈ ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించింది. మొదట అక్టోబర్ ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించారు. జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు. లేదంటే ఆరు నెలల తాత్కాలిక వీసా తీసుకుని ఇక్కడే కొత్త పని వెతుక్కోవచ్చు. ఈయన అల్ అవీర్ సెంటర్‌కు పోయాడు. పాస్‌పోర్టు దొరకదనుకున్నాడు. పాత కంపెనీ ఇమిగ్రేషన్‌లో జమ చేసి ఉంచిందట, అక్కడే దొరికింది. ఇక పోవాలా, ఉండాలా అన్నది తేల్చుకోవాలి.

"ఇంటికి పోదామనే పోయిన. గక్కడ నిలబడ్డంక ఆలోచన అచ్చింది. అమ్మ లేదు. అప్పు మూడు లక్షలున్నది. చేతుల ఏం లేకుంట పోయి ఎవరికి మొఖం చూపియ్యాలె? ఇటు లైన్లకెళ్ళి తీసి అటు లైన్ల నిలబడ్డ."

ఆరు నెలల వీసాలో నాలుగు నెలలు పని దొరకలేదు. అయిదో నెలలో ఏసీ డక్టు పనికి హెల్పర్‌గా తీసుకున్నారు. ఇప్పుడు అప్పు తీరింది. 2020లో కరోనా వల్ల ఆగి, 2021లో మొదటిసారి ఇంటికి వెళ్ళాడు. తల్లి సమాధి దగ్గర పొద్దంతా కూర్చున్నాడట.

మీరు లైను మారడం మంచిదే అయింది కదా అన్నాం. "ఏమో అన్నా" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒక్కటి మాత్రం మేం రాయాలి. ఆమ్నెస్టీ అడిగినప్పుడల్లా రాదు. 2024లో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ ఆఖరు వరకు వచ్చింది. జీతం ఆగితే పారిపోకుండా ముందు కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి. ఫిర్యాదుకు ఖర్చు లేదు. పారిపోతే మాత్రం మన న్యాయమే నేరమవుతుంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచుకోవడం కూడా ఇక్కడి చట్టం ఒప్పుకోదు. కాగితాల పని చేసే మేమే ఇది చెప్పడం కొందరికి వింతగా ఉండవచ్చు.

మెస్సులో వంట చేసే కోనసీమ బాబాయిని కూడా అడిగాం, మీ మలుపు ఏమిటని. "మలుపులు రోడ్లకుంటాయండి. మనకేముంటాయండీ, పొద్దున్నే లేస్తే నాలుగొందల చపాతీలండి" అని నవ్వి గరిటె తిప్పుకున్నాడు. బాబాయి కొడుకు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడని వేరేవాళ్ళు చెబితే తెలిసింది.

సెలవు కాగితం

ఈ వ్యాసం రాస్తుండగానే మేస్త్రి అన్న మళ్ళీ వచ్చాడు. లెక్క కాగితం జేబులోనే ఉంది, మడతల దగ్గర చిరిగింది. నిఖత్ తండ్రి గురించి మేం తెలుసుకున్నదంతా చెప్పాం. నిశ్శబ్దంగా విన్నాడు.

"గాయనకు నలుగురు బిడ్డలు. నాకు ఇద్దరు. పెద్దదాని పెండ్లి అప్పు ఇంక లక్షన్నర ఉన్నది" అన్నాడు. మళ్ళీ తనే, "అప్పు ఎప్పుడు లేకుండె గని" అన్నాడు.

రాజీనామా రాస్తే నోటీసు ఎంతకాలం అని అడిగాడు. చట్టం ప్రకారం 30 రోజులకు తగ్గకుండా, 90 రోజులకు మించకుండా, కాంట్రాక్టులో ఎంత రాసి ఉంటే అంత అని చెప్పాం. ఆయన కాంట్రాక్టులో 30 ఉంది. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. కబడ్డీ పోటీలు అంతకంటే ముందే ఉన్నాయి.

"అయితె రాజీనామా కాదు తమ్మీ. ముందు సెలవు కాగితం రాయి. నిల్వ ఉన్న సెలవులన్ని కలిపి రెండు నెలలు. బిడ్డ ఎంబడి పోత. ఆట చూస్త. అది ఎట్ల ఆడుతదో నేను ఒక్కసారి గూడ చూడలే. చూసినంక చెప్త, ఉండాల్నో పోవాల్నో."

ఫారం తీశాం. సెలవుకు కారణం అనే గడి దగ్గర మామూలుగా 'వార్షిక సెలవు' అనో, 'కుటుంబ అవసరం' అనో రాస్తాం. ఏం రాయమంటారని అడిగాం.

"ఉన్నదే రాయి. బిడ్డ కబడ్డీ మ్యాచ్ అని."

అలాగే రాశాం. కింద తెలుగులో సంతకం పెట్టాడు. మర్నాడు ఫోర్‌మన్ ఆ గడి చదవకుండానే సంతకం చేసి ఇచ్చాడు. టికెట్టు వచ్చే బుధవారం రాత్రికి దొరికింది, శంషాబాద్‌కు. బిడ్డకు స్పోర్ట్స్ బూట్లు తీసుకెళ్ళాలని ఫోన్‌లో సైజు అడిగితే ఆరు అని చెప్పిందట. దేరాలో ఏ షాపులో మంచివి దొరుకుతాయో తెలిసినవాళ్ళు చెప్పండని అడుగుతున్నాడు.